నవలలో ఇల్లు అలికిందెవరు?

పోయిన ఎండాకాలం నాకొక ఉత్తరం వచ్చింది. ఉత్తరాలు రాసేవాళ్ళే కరువైపోయిన ఈ రోజుల్లో, నీలిసిరాతో, గుండ్రటి అక్షరాలతో నాలుగు పేజీల ఉత్తరం అంటే ఏ రచయిత్రికైనా పండగే. కవరు చింపకముందే అది నా నవలకు మెచ్చుకోలు అయివుంటుందని నిర్ణయించేసుకున్నాను. మెచ్చుకోలు వుంది. మొదటి రెండు వాక్యాలూ అవే. మూడో వాక్యం నుంచి నా తల వంగడం మొదలయింది.

ఆ నవలలో వనపర్తి దగ్గర ఒక పల్లె వుంది. కథానాయిక పట్నం నుంచి అమ్మమ్మ ఇంటికి వస్తుంది. తొలకరి వాన పడుతూంటే మట్టిమిద్దె మీదికి పరిగెత్తి, చేతులు చాచి గిరగిరా తిరిగి గంతులు వేస్తుంది. వాకిట్లోంచి మేనబావ చూస్తాడు. మిగిలింది మీరు వూహించుకోగలరు. ఆ ఘట్టం రాసినరోజు నాకు నేనే ముచ్చటపడిపోయి రెండుసార్లు కాఫీ తాగాను. సమీక్ష రాసిన పెద్దమనిషి కూడా “పల్లె వాతావరణం కళ్ళకు కట్టింది” అన్నాడు.

ఉత్తరం రాసినావిడకు మాత్రం వేరేది కళ్ళకు కట్టింది.

“అమ్మా, మీ అమ్మాయి వానలో మిద్దెమీద గంతులు వేసింది. మట్టిమిద్దె మీద వానలో ఎవరైనా గంతులు వేస్తారా? తడిసిన చవుడు కాలి కింద గుంట పడుతుంది. గుంటలో నీరు నిలుస్తుంది. నిలిచిన నీరు కిందికి దారి చూసుకుంటుంది. ఆ రాత్రి ఆ ఇంట్లో అందరూ గిన్నెలు పెట్టుకుని జాగారం చెయ్యాలి. ఆ సంగతి మీరు రాయలేదు. ఇంకొక్కటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. ఆ మిద్దెకు చవుడు ఎవరు మోశారు? మీ నవలలో ఇల్లంతా వుంది. ఇల్లు అలికినవాళ్ళు లేరు.”

కోపం రాలేదు. సిగ్గు వచ్చింది. నా నవలలు తిరగేశాను. తర్వాత షెల్ఫులో వున్న ఇతరుల నవలలు తిరగేశాను. ఒక్కదాన్నే తప్పు చేశానా, తోడు ఎవరైనా వున్నారా అని చూసుకోవడం మనిషి బలహీనత కదా!

తోడు చాలామందే వున్నారు.

నేను చదివినంత మేరకు మన నవలల్లో ఇళ్ళు మూడు రకాలు. మొదటిది కోస్తా జిల్లాల మండువా లోగిలి. మధ్యలో ఆకాశం, చుట్టూ వసారా, వసారాలో పడక్కుర్చీ, పడక్కుర్చీలో తాతగారు. రెండోది తెలంగాణ గడి. ఎత్తైన గోడ, పెద్ద దర్వాజ, లోపల దొర. దాశరథి రంగాచార్యగారి ‘చిల్లర దేవుళ్లు’ చదివినవాళ్ళకు గడి గోడ అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. మూడోది మనమందరం వారం వారం సీరియల్‌లో చూసి మురిసిపోయిన మేడ. పాలరాతి మెట్లు, మెట్లు దిగుతున్న నాయకుడు, బయట కారు.

మరి పాలమూరు రైతు కాపురం చేసిన మట్టిమిద్దె ఏదీ? వుంటుంది, వెనకాల వుంటుంది, నాటకంలో తెరమీద బొమ్మ మాదిరిగా. సంక్రాంతికి ముగ్గు వెయ్యడానికి ఒక వాకిలి, కన్నీరు పెట్టుకోవడానికి ఒక గుంజ, పౌర్ణమినాడు పడుకోవడానికి ఒక మిద్దె. అది ఎలా నిలబడింది, ఎవరు నిలబెట్టారు అన్న ప్రశ్న లేదు. ఇల్లు దానంతట అదే మొలిచినట్టు!

సరే, తప్పు దిద్దుకోవాలంటే ముందు మిద్దె చూడాలి. వనపర్తిలో మా ఆడపడుచు వుంది. ఆమె ఇంట్లో దిగి, ఉత్తరం రాసినావిడ ఊరు వెతుక్కుంటూ వెళ్ళాను. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ మూడూ 2016 అక్టోబరు దాకా మహబూబ్‌నగర్ జిల్లాలోవే. ఇప్పుడు మూడూ మూడు జిల్లాలకు ముఖ్యపట్టణాలు. ఆ వైపు వెళ్ళినవాళ్ళకు చూపించేవి ఎప్పుడూ పెద్ద ఇళ్ళే. గద్వాలలో సోమభూపాలుడి కోట, వనపర్తిలో ఇప్పుడు పాలిటెక్నిక్ నడుస్తున్న రాజాగారి ప్యాలెస్. పండితులకు సన్మానాలు చేసి ‘విద్వద్గద్వాల’ అనిపించుకున్న సంస్థానం అది. రాజుల ఇళ్ళకు చరిత్ర వుంది, పద్యాలున్నాయి. నేను చూడబోయే ఇంటికి నాలుగు పేజీల ఉత్తరం తప్ప ఏమీ లేదు.

ఆమెకు డెబ్భై దాటాయి. ఏడో తరగతి చదివి ఆపేసిందట. వారపత్రిక మాత్రం ఆపలేదు. నన్ను చూడగానే, “ఏం బిడ్డా, కొట్లాటకొచ్చినవా?” అంది.

“లేదు పెద్దమ్మా, పాఠానికొచ్చాను” అన్నాను.

“అయితే చెప్పులిడిసి రా.”

గోడ చూపించింది. రాళ్ళు పేర్చి, మధ్యలో మట్టి మెత్తి కట్టినది. నా మూరకన్నా మందం. బయట ఎండ మాడ్చేస్తూంటే లోపల చల్లగా ఎందుకుందో అర్థమయింది. అంత మందం గోడ పగలల్లా వేడిని మింగుతూ కూర్చుంటుంది. ఆ వేడి లోపలికి చేరేసరికి సాయంత్రమవుతుంది. అప్పటికి ఇంట్లోవాళ్ళు మిద్దెమీద మంచాలు వేసుకుంటారు.

తల పైకెత్తమంది. వేప, తుమ్మ దూలాలు. వాటికి అడ్డంగా దంతెలు. దంతెలమీద సన్నకట్టెలు దగ్గర దగ్గరగా పేర్చి, ఆకూ గడ్డీ పరచి, పైన తడిమట్టి మెత్తుతారు. అది ఆరాక అసలు మహారాణి వస్తుంది. అదే చవుడు.

చవుడు సంగతి చెప్పితీరాలి. ఉప్పుగుణం వున్న నేల అది. చేనుకు పనికిరాదు. సోడియం ఎక్కువగా వుండటంవల్ల, తడవగానే అందులోని సన్నటి బంకమట్టి రేణువులు విడిపోయి సందులన్నీ పూడ్చేస్తాయి. నీరు కిందికి ఇంకదు. విత్తనం వేసినవాడికి అది శాపం. అదే మిద్దెమీద పోసుకున్నవాళ్ళకు గొడుగు. రైతు పనికిరాదని వదిలేసిన నేలను ఇంటి నెత్తిన పెట్టి పూజించడం ఎవరికి తోచిందో గాని, ఏ ఇంజనీరింగు కాలేజీలోనూ చదివివుండరు.

ఈ ఇల్లు ఇక్కడే ఎందుకు పుట్టింది? ఏడాదికి ఆరువందల మిల్లీమీటర్లు అటూ ఇటూ వాన పడే చోటు. రాయి బోలెడు, పొడుగాటి కలప తక్కువ, ఎండ ఎక్కువ. కాబట్టి చదును కప్పు చాలు. తుఫాన్లు కొట్టే కోస్తాలో ఇదే ఇల్లు కడితే రెండో ఏటికి కరిగిపోతుంది. అక్కడ తాటాకూ, పెంకూ, వాలు కప్పూ కావాలి. అంతదూరం ఎందుకు, ఇదే నాగర్‌కర్నూల్ జిల్లాలో నల్లమల ఎక్కి అమ్రాబాదు వైపు వెళితే చెంచుల గుడిసెలు వేరే తీరు. గుండ్రటి తడిక గోడ, దానిమీద కోసుగా గడ్డి కప్పు. ఎవరి ఆకాశం ఎలాటిదో వాళ్ళ కప్పు అలాటిది. మేం నవలల్లో మాత్రం ఎవరి ఆకాశం కిందనైనా ఒకే ‘పూరిల్లు’ రాసిపారేస్తాం.

“ఇగ సామాను చూస్తవా?” అంది పెద్దమ్మ.

సామాను అంటే కుర్చీలూ బల్లలూ వెతుక్కున్నాను. లేవు. ఆ ఇంటి సామాను సగం గోడలోనే వుంది. దీపానికొక గూడు, దేవుడికొక గూడు, ఆకూవక్కా పెట్టుకోవడానికి చేయి అందే ఎత్తులో ఇంకో గూడు. కొయ్యలు గోడలోనే దిగి వున్నాయి. రోలు నేలలో పాతి వుంది. దూలానికి ఉట్టి. ఒక మూల గుమ్మి వుంది. అల్లిన బుట్టకు పేడా మట్టీ కలిపి పూస్తే ధాన్యం దాచుకునే గుమ్మి అవుతుంది. వాకిట్లో ఒకప్పుడు జొన్న పాతర వుండేదట. ఇక ఎత్తి వేరేచోట పెట్టగలిగినవి ఎన్ని? నులకమంచాలు రెండు, పెళ్ళినాటి సందూకు, ఇసుర్రాయి, రొట్టెపెంక, నాలుగు ఇత్తడి బిందెలు. నడినెత్తిన గవాక్షి, అంటే వెలుగు రావడానికీ పొగ పోవడానికీ వదిలిన కంత. వాన వస్తే దానిమీద మూకుడు బోర్లిస్తారు. వానలో మిద్దె ఎక్కడమంటూ వుంటే అందుకే. అదీ ఒక్కరే, మెల్లగా, గోడ వారగా నడిచి.

“గోడ కింద గట్టిగుంటది. నడుమ గంతులేస్తె దంతెలు కదుల్తయి. మా అత్త మొదటిరోజే నేర్పింది నడక” అంది.

అత్తగారు కోడలికి మొదటిరోజే మిద్దెమీద నడక నేర్పడం! ఈ ఒక్క ముక్క ముందే తెలిసివుంటే నా నవలలో మూడు అధ్యాయాలు మారిపోయేవి. మనం అత్తాకోడళ్ళ మధ్య కాఫీలో పంచదార గురించి ఎన్ని పేజీలు రాయలేదు!

గద్వాల వైపు నేతవాళ్ళ ఇల్లయితే సామానుకు ఇంకో అర్థం వుంది. అక్కడ ముందు మగ్గానికి చోటు, తర్వాత మనుషులకు. నేలలో గుంట తవ్వి, అందులో కాళ్ళు పెట్టి పలకలు తొక్కుతూ నేసే గుంటమగ్గం ఇంట్లో భాగం. మనం పెళ్ళిళ్ళకు మురిపెంగా కట్టుకునే గద్వాల చీర, నూలు ఒంటికి పట్టు అంచూ పట్టు కొంగూ అతికిన చీర, అలాటి గదిలో పుట్టింది. మట్టినేల చల్లదనం, తేమ నూలుకు మంచివి. తేమ లేకపోతే దారం తెగుతుంది. పక్కన కూర్చుని కండెలు చుట్టే ఇల్లాలి పేరు చీరమీద వుండదు. తేమ కోసం నేల అలికేది కూడా ఆమే. దాన్ని నేతలో ఎవరూ లెక్కెయ్యరు.

నేను విమర్శ అనదలచుకున్నది ఇక్కడ మొదలవుతుంది.

‘ఇల్లు అలకగానే పండగ కాదు’ అని సామెత. చిన్నప్పటినుంచీ విన్నాం, మన పిల్లలకూ అప్పజెప్పాం. అర్థం ఏమిటి? అలకడం చిన్నపని, అసలు పని ముందుంది అని. ఈ సామెత పుట్టించినవాడు ఎప్పుడూ ఇల్లు అలికివుండడు. అలకడం అంటే శుభ్రం చెయ్యడమని మనం అనుకుంటాం. మట్టి ఇంట్లో అలకడమంటే కట్టడం. తొక్కుడికి నేలలో పడ్డ పగుళ్ళు పూడాలి, వానకు గోడమీద జారిన పూత మళ్ళీ పడాలి, ఎలుక తవ్విన బొక్క మూయాలి. మేస్త్రి ఒకసారి కట్టి కూలి పుచ్చుకుని వెళ్ళిపోతాడు. ఆడమనిషి ప్రతి వారం, ప్రతి పండక్కీ, ప్రతి వానాకాలం ముందూ ఆ ఇల్లు మళ్ళీ మళ్ళీ కడుతూనే వుంటుంది. ఎండాకాలం చివర మిద్దెమీద మొలిచిన గడ్డి పీకాలి. కిందటేటి మట్టి కొంత గీకి తీసెయ్యాలి. గంపల్లో కొత్త చవుడు మోసుకొచ్చి పొయ్యాలి. నీరు దోనెవైపు జారేట్టు వాలు సరిచెయ్యాలి. ఇది మరమ్మతు అనిపించుకుంటే కూలి ఇచ్చేవారు. ఇంటిపని అనిపించుకుంది కాబట్టి ఇవ్వలేదు.

పి. సత్యవతిగారి ‘ఇల్లలకగానే’ కథ మీలో చాలామంది చదివే వుంటారు. ఇల్లు అలికి అలికి ఆ ఇల్లాలు తన పేరే మరచిపోతుంది. ఆ కథ చదివిన రోజు నేను వంటింట్లో నిలబడి నా పేరు పైకి పలికి చూసుకున్నాను. మన సాహిత్యంలో అలుకుగుడ్డ పట్టుకున్న చేతిని అంత నిశితంగా చూసిన కథ అరుదు. ఆ చెయ్యి మనిషిని ఎలా మింగేస్తుందో ఆ కథ చూపించింది. ఆ చేతికి ఎంత తెలుసో చూపించే కథ ఇంకా రావలసివుంది. ఈ రెండూ ఒకదానికొకటి విరోధం కాదు. పేరు మరచిపోయిన ఆ మనిషి ఎంత పని తెలిసిన మనిషో చెబితే, మనం పోగొట్టుకున్నది ఎంతో ఇంకా బాగా తెలుస్తుంది.

ఈ విషయంలో మనకు దారి చూపించిన పెద్దాయన ఆ నేలలోనే పుట్టాడు. 1896లో గద్వాల సంస్థానంలోని బోరవెల్లిలో పుట్టిన సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ వెలువరించారు. తెలుగుకు మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి, 1955లో, ఆ పుస్తకానికే వచ్చింది. ఏ రాజు ఏ రాజును జయించాడన్నది పక్కన పెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలు ఆడారు, ఎలా బతికారు అని ఆయన కావ్యాలను కెలికి కెలికి అడిగారు. కవి అలవోకగా వదిలిన వర్ణనలోంచి ఆయనకు చరిత్ర దొరికింది. రేపు అలాటి పెద్దమనిషి ఇంకొకరు వచ్చి మన నవలలు తిరగేస్తే ఏం దొరుకుతుంది? ‘పాలమూరు స్త్రీలు వానలో మట్టిమిద్దెల మీద నాట్యమాడేవారు’ అని నా నవల సాక్ష్యం చెబుతుంది. అదీ నా భయం!

ఇంతవరకూ చదివి, పాత ఇల్లే బంగారం, సిమెంటు ఇల్లు పాపం అని నేను తేల్చబోతున్నానని మీరు అనుకుంటే, నేనూ ఆ ఉద్దేశంతోనే బయలుదేరాను. పెద్దమ్మే అడ్డుపడింది.

మిద్దె పక్కనే ఆమె కొడుకు స్లాబు ఇల్లు కట్టాడు. ఎండాకాలం పగలు ఆమె మిద్దెలో పడుకుంటుంది. వానాకాలం మాత్రం స్లాబు ఇంట్లోనే. మిద్దెలో రాత్రి వుండనే వుండదు. ఎందుకు అని అడిగితే, “నువు పేపరు చదవవా బిడ్డా?” అంది.

చదివాను. 2021 అక్టోబరులో గద్వాల జిల్లా ఐజ మండలం కొత్తపల్లిలో వానలకు నానిన గోడ కూలి ఒకే కుటుంబంలో ఐదుగురు నిద్రలోనే పోయారు. 2024 జూలై మొదట్లో నాగర్‌కర్నూల్ దగ్గర వనపట్లలో రాత్రిపూట మట్టిమిద్దె కూలి తల్లీ, ముగ్గురు పిల్లలూ పోయారు. పేపరులో చదివి అయ్యో అనుకుని పేజీ తిప్పేశాను. ఆ పేజీకీ నా నవలలోని ఆ పేజీకీ సంబంధం వుందని నాకు తోచలేదు.

పెద్దమ్మ లెక్క చెప్పింది, నేను ఇంటికి వచ్చి కాగితం మీద వేసి చూసుకున్నాను. ఒక ఘనపుటడుగు మట్టి సుమారు నలభై అయిదు, యాభై కిలోలు తూగుతుంది. పది అడుగుల వెడల్పు, పదిహేను అడుగుల పొడుగు గదిమీద అడుగు మందం మట్టి వుంటే ఏడు టన్నులు. పాతమట్టి గీకకుండా కొత్తమట్టి పోస్తూపోతే, రెండంగుళాలు పెరిగినా ఇంకో టన్ను పైనే. దానికి వాననీటి బరువు వేరే. ఇక దూలాన్ని చెదపురుగు లోపల్లోపల తినేస్తూంటే పైకి ఏమీ తెలియదు. చవుడు మొయ్యడం మానేసిన ఇల్లూ ప్రమాదమే. గీకడం మానేసి పోస్తూపోయిన ఇల్లూ ప్రమాదమే. ఆ ఇల్లు ఏటేటా చేసే చాకిరీమీదే నిలబడింది. చాకిరీ చేసే మనుషులు పట్నం కూలికి వెళ్ళిపోయారు. చాకిరీ ఆగిందిగాని, కొత్త ఇల్లు కట్టుకునే డబ్బు ఇంకా రాని సంసారాలున్నాయి. కప్పు వాళ్ళమీదే పడుతుంది.

మేం మట్టి వాసన గురించి రాస్తాం. మట్టి బరువు గురించి రాయం.

ఆ నేలలో ఇళ్ళకు ఇంకో గండం కూడా వచ్చింది. 1980ల మొదట్లో శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళు ఎక్కి వందకు పైగా ఊళ్ళు, లక్షమందికి పైగా జనం కదలవలసివచ్చింది. కృష్ణ, తుంగభద్ర కలిసేచోట వున్న కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి, తెచ్చి, అలంపురంలో మళ్ళీ నిలబెట్టారు. మంచిపని చేశారు. ఈనాడు వెళ్ళి చూసి దండం పెట్టుకోవచ్చు. ఇళ్ళను అలా విప్పి మళ్ళీ పేర్చినవాళ్ళు లేరు. రాతి కట్టడాన్ని విప్పి మళ్ళీ పేర్చవచ్చు. మట్టి ఇల్లు అలా రాదు. దాన్ని ఎలా కట్టాలో ఎరిగిన మనిషి కదిలి వస్తేనే అది కదిలినట్టు. ఆ మనిషిని అడిగి ఎవరైనా రాసిపెట్టుకున్నారా? రాసిపెట్టుకోవలసింది మేమే కదా, కలం పట్టుకున్నవాళ్ళం!

పెద్దమ్మను ఒక మాట అడగకుండా వుండలేకపోయాను. “ఇన్ని తెలిసినదానివి. మళ్ళీ అలకమంటే అలుకుతావా పెద్దమ్మా?”

అరచేతులు చాచి చూపించింది. సున్నానికీ పేడకూ పగిలిన గీతలు. “సిమెంటు నేలేసిననాడు నా చేతులకు పెళ్ళయినట్టుండె బిడ్డా. నువు రాస్తె ఇది గుడ రాయి. పాత ఇల్లు సల్లగుంటదని రాసేటోళ్ళు మస్తుమంది. అలికినోళ్ళకు అడుగు, మల్ల అలుకుతవా అని.”

ఇది మనకొక్కరికే వచ్చిన చిక్కు కాదు. ప్రపంచానికి ఆ చివరనున్న ఐర్లండులోనూ ఇదే గొడవ. అక్కడి పల్లెటూరి ఇల్లు పోస్టుకార్డు బొమ్మల్లో చూసే వుంటారు. తెల్లటి సున్నం గోడలు, గడ్డి కప్పు, సగానికి మాత్రమే తెరుచుకునే తలుపు. కోళ్ళు లోపలికి రాకుండా, పసివాళ్ళు బయటికి పోకుండా ఆ సగం తలుపు. లోపల పొయ్యి చుట్టూనే సంసారమంతా. గోడవారన పింగాణీ పళ్ళాలు పేర్చిన చెక్కబీరువా, పగలు బల్లగా వుండి రాత్రి పరుపుగా విచ్చుకునే పెట్టె. ఎక్కడ రాయి దొరికితే అక్కడ రాతిగోడ, దొరకనిచోట మట్టిగోడ, మన మాదిరిగానే. రాత్రి నిప్పును బూడిదలో కప్పెట్టి పొద్దున్నకు బతికించడం ఇల్లాలి పని. పడుకోబోయేముందు సెయింట్ బ్రిజిడ్‌ను తలుచుకుంటూ ఆ పని చేసేవారు. మన అమ్మమ్మ కుంపటిలో పిడక కప్పెట్టినట్టే లేదూ?

1952లో వచ్చిన ‘ది క్వయెట్ మ్యాన్’ సినిమాలో అమెరికా నుంచి తిరిగివచ్చిన నాయకుడు తాను పుట్టిన గడ్డికప్పు ఇంటిని కొనుక్కుని మురిసిపోతాడు. లోకమంతా ఆ ఇంటిని చూసి మురిసింది. మరో పదేళ్ళకు, 1960లలో, అక్కడి పల్లెటూరి స్త్రీల సంఘం, ఐరిష్ కంట్రీవిమెన్స్ అసోసియేషన్, ఇంట్లోకి కుళాయి నీళ్ళు రావాలని ఉద్యమం నడిపింది. సినిమా చూసినవాళ్ళకు కప్పు కనిపించింది. ఇంట్లో వున్నవాళ్ళకు బావి దూరం కనిపించింది. 1971లో జాక్ ఫిట్జ్‌సిమన్స్ అనే ఆయన తక్కువ ఖర్చుతో కట్టుకునే బంగళాల ప్లాన్లు ‘బంగళో బ్లిస్’ అనే పుస్తకంగా వేస్తే జనం ఎగబడి కొన్నారు. పల్లె అందం పాడయిందని పెద్దలు విసుక్కున్నారు. పెద్దల మాటలో నిజం లేకపోలేదు. అయితే నీళ్ళు మోసినామె మాట ముందు వినవలసింది.

కాబట్టి, సాటి రచయిత్రులకూ, మా పుస్తకాలు తూకం వేసే విమర్శకులకూ ఒక మనవి. నవలలో ఇల్లు వచ్చినప్పుడు పాత్రలను చూసినంత శ్రద్ధగా ఆ ఇంటినీ చూద్దాం. గోడ దేనితో కట్టారు? కప్పు ఎవరు మోశారు? ఏటా ఎవరు నిలబెట్టారు? వాన వస్తే ఎవరు లేచారు? ఈ నాలుగు ప్రశ్నలకూ జవాబు లేని ఇల్లు బొమ్మల ఇల్లు. దాన్ని పొగిడినా ఒకటే, తిట్టినా ఒకటే. ‘వాతావరణం కళ్ళకు కట్టింది’ అని సమీక్షలో రాసేముందు ఆ వాతావరణంలో ఎవరి నడుం వంగిందో కూడా అడగండి. పాత ఇంటిని మెచ్చుకునే హక్కు మనకు వుంది. అలికిన చేతిని అడగకుండా మెచ్చుకునే హక్కు లేదు.

మొన్న వానలకు ముందు పెద్దమ్మ దగ్గర్నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది. ఈసారి అర పేజీయే. మిద్దె దించేశారట. పడిపోకముందే మర్యాదగా దించాలని ఆమే పట్టుబట్టిందట. దూలాల్లో రెండింటిని చెదలు పూర్తిగా తినేశాయి. మంచివి కొట్టంలోకి పనికొచ్చాయి. చవుడు బాట గుంటల్లో పోయించారు. “గుమ్మి మాత్రం పారెయ్యలేదు. మీరు వస్తే చూపిస్తాను, అది అలకడం కూడా నేర్పిస్తాను. రాయడానికి పనికొస్తుంది” అని చివర.

నా నవల రెండో ముద్రణకు వెళుతోంది. ఆ ఘట్టం మార్చాను. వాన వస్తుంది. కథానాయిక మిద్దె ఎక్కబోతుంది. అమ్మమ్మ చెయ్యి పట్టుకుని ఆపి, “గోడ వారగా నడువు” అంటుంది. ఇద్దరూ మెల్లగా వెళ్ళి గవాక్షిమీద మూకుడు బోర్లించి, తడుస్తూ కిందికి దిగుతారు. మేనబావను ఆ పేజీలోంచి తీసేశాను. ఆ సమయంలో అతను చేసే పనేమీ కనిపించలేదు.